ఆదివారం చూస్తాను

ఎర్రగా ఉంటే మంచికాయ, తెల్లమచ్చ పడితే తాలు, దీనికి బీటెక్ చదవక్కర్లేదు, అయినా చేతిలోని మిరపకాయని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉంది నజ్మీన్, తొడిమ దగ్గర మాత్రం కాస్త తెలుపు, మిగతా అంతా ఎరుపే, దీన్ని ఎటు వేయాలి, ఇట్లా ఒక్కో కాయకీ ఒక్కో విచారణ పెట్టుకుంటే ఈ కల్లంలో తాలు ఏరడం వచ్చే రంజానుకి కూడా అవదు, పక్కన కూర్చున్న రెబ్కా అప్పుడే రెండు తట్టలు నింపేసింది, ఏళ్ల తరబడి కూలికి వచ్చే మనిషి, ఆమెకి వేళ్లే చూస్తాయి, కళ్లతో పని లేదు, వేళ్లే చూస్తాయి అనుకోగానే శ్రీదివ్య గుర్తొచ్చింది, వద్దు, ఇప్పుడు వద్దు, చూపు లేని ఆ పిల్లకి ఆదివారం చూస్తానని మాటిచ్చింది, ఇవాళే ఆదివారం, ఇంకా పదకొండే అయింది, పొద్దుగూకేదాకా ఆదివారమే కదా, ల్యాప్‌టాప్ ఇంట్లో బీరువాలో దుప్పట్ల కింద ఉంది, తనేమో పర్చూరు అవతల ఈ నల్లరేగడిలో, భర్త రహమాన్ పాతచొక్కా చీర మీద తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది, అత్త మదార్‌బీ కల్లం ఆ చివర నుంచి కేకేసింది, ఏమే నజ్మీనా, కాయకి పెళ్లిచూపులు చూస్తన్నావా, నచ్చకపోతే పక్కన పడెయ్, నచ్చితే ఉంచు.

పడెయ్, ఉంచు, అత్తకి అన్నీ అంతే, రెండే తట్టలు, నజ్మీన్‌కి మూడో తట్ట ఒకటి ఉంది, తర్వాత చూద్దాంలే అనుకున్నవన్నీ వేసే తట్ట, బతుకంతా అందులోనే ఉంది, వారంలో ఆరు రోజులు చీరాలకి బస్సెక్కి కాలేజీలో పిల్లలకి కంప్యూటర్లు చెప్పడం, వచ్చి వంట, కూతురు రిహానా హోంవర్కు, అత్త బీపీ మాత్ర, ఇక మిగిలేది ఆదివారం ఒక్కటే, దాని మీద బస్సు సీట్లో చేతిరుమాలు వేసినట్టు అందరూ ముందే వేసుకుని కూర్చుంటారు, కాలేజీ వాళ్లు అడ్మిషన్ల కోసం ఊరూరా తిరిగి రమ్మంటారు, చేను నీళ్లు మోయమంటుంది, చుట్టాలు పెళ్లికి రమ్మంటారు, అందరికీ ఆమె నోటి నుంచి వచ్చేది ఒకటే మాట, అట్లాగే, వీటన్నిటి అడుగున ఇంట్లో ఎవరికీ అంతుపట్టని పని ఇంకొకటి ఉంది, లినక్సు, కొనక్కర్లేని కంప్యూటరు వ్యవస్థ, ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు, దేశదేశాల్లో ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లు తీరిక చేసుకుని జీతం లేకుండా దాన్ని నడుపుతుంటారు, అందులో తెర మీది తెలుగుని పైకి చదివి వినిపించే గొంతు ఒకటి ఉంది, ఆ గొంతు నజ్మీన్‌ది, అంటే తను మాట్లాడింది కాదు, తను రాసిన ప్రోగ్రాము, తొమ్మిదేళ్ల కిందట చదువు ఆఖరి సంవత్సరంలో మొదలుపెట్టింది, పెళ్లయినా వదల్లేదు, కాన్పయినా వదల్లేదు, ఆ గొంతు తాలూకు ఫైలు పైన బాధ్యులు అని ఒక వరుస ఉంటుంది, దాని పక్కన షేక్ నజ్మీన్ అని ఉంటుంది, అంతే, మదార్‌బీ కోడలని గానీ మోటార్ల రహమాన్ భార్య అని గానీ లేదు, ఆ వరుసని ఎన్నిసార్లు తెరిచి చూసుకుందో అల్లాకే తెలియాలి, రహమాన్ నవ్వేవాడు, ఏం ఉద్యోగమే ఇది, జీతం లేదు, సెలవు లేదు, ఆఖరికి తీసేసేవాడు కూడా లేడు.

చొక్కా జేబులో ఫోను గుర్రుమంది, వేళ్లనిండా కారం, చిటికెనవేలి గోటితో నొక్కింది, శ్రీదివ్య, మాట్లాడి పంపిన మెసేజి, ఒక నిమిషం నలభై సెకన్లు, ఆ పిల్ల ఎప్పుడూ రాసే పంపుతుంది, రాయడమంటే ఆమెకి గర్వం, మాట్లాడి పంపిందంటే ఏదో అయిందన్నమాట, పన్నెండు రోజుల కిందట లినక్సు కొత్త విడత వచ్చింది, అది వేసుకోగానే శ్రీదివ్య కంప్యూటర్లో ఇంగ్లీషు గొంతు బాగానే మాట్లాడుతోంది, తెలుగు గొంతు మూగబోయింది, మర్నాడే రాసింది, అక్కా, మీకు కుదిరినప్పుడు ఒకసారి చూస్తారా, నజ్మీన్ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే జవాబిచ్చింది, ఆదివారం చూస్తానమ్మా, ఆ ఆదివారం రంజాను పండగ మర్నాడు, ఇంటినిండా చుట్టాలు, సేమ్యా గిన్నెలు తోముతుండగానే సాయంత్రమైంది, మళ్లీ రాసింది ఆ పిల్ల, అక్కా, తొందరేం లేదు, ఊరికే గుర్తు చేద్దామని, మళ్లీ ఇదే జవాబు, వచ్చే ఆదివారం తప్పకుండా చూస్తాను, ఇప్పుడు ఫోను చెవికి ఆనించుకుంటే కారం ఘాటు ముక్కులోకి పోతోంది, శ్రీదివ్య గొంతు తేటగా ఉంది, అక్కా, పండగ బాగా జరిగిందా, రిహానా బాగుందా, అక్కా, ఆ పని పోయిందక్కా, రికార్డింగులు విని తెలుగులో టైపు చేసే పని అని చెప్పాను కదా, నెల చూసి తీసుకుంటామన్నారు, నిన్నటితో నెల అయిపోయింది, మొదట్లో బాగా చేస్తున్నావన్నారు, ఈ పది రోజులూ తప్పులెక్కువ ఉన్నాయంట, టైపు చేసింది మళ్లీ చదివించుకుని వినడానికి లేదు కదక్కా, నాన్న చూస్తానన్నాడు గానీ నాన్నకి చదువు రాదు, మీకు ముందే చెబితే అన్నీ మానుకుని కూర్చుంటారని చెప్పలేదు, మీకెన్ని పనులుంటాయో నాకు తెలుసు, మీరేం బాధపడబాకండి, ఇక తొందరేం లేదక్కా, నిదానంగా చూడండి.

ఇక తొందరేం లేదు, తిట్టినా బాగుండేది, ఏంటక్కా ఇది, పన్నెండు రోజులు ఏం చేశావు అని అడిగినా బాగుండేది, పండగ బాగా జరిగిందా అని అడిగింది, నజ్మీన్ చేత్తో కన్ను తుడుచుకుంది, తుడుచుకున్నాక గాని ఆ చేతికి కారముందని గుర్తు రాలేదు, కన్ను భగ్గుమంది, రెబ్కా తల తిప్పి, కారం పడిందా అమ్మాయ్, రుద్దబాక, కొంగుతో ఒత్తుకో అంది, నీళ్లు కారుతుంటే కారనిచ్చింది, కల్లంలో కన్నీళ్లకి కారణం అడిగేవాళ్లు ఉండరు, అదొక్కటే సుఖం, ఆ పిల్లని మొదట చూసింది ఐదేళ్ల కిందట, చీరాలలో రైలెక్కి సింగరాయకొండలో దిగితే తండ్రి బుల్లయ్య స్టేషను బయట నిలబడి ఉన్నాడు, గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముకునే మనిషి, నజ్మీన్ చేతిలోని సంచి లాక్కున్నంత పని చేసి తనే మోశాడు, ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు, దాంట్లో లినక్సు వేసి తెలుగు గొంతు పెట్టి, టైపు చెయ్యమ్మా అంటే శ్రీదివ్య తన పేరు టైపు చేసింది, ఆ ఇనపగొంతు శ్రీదివ్య అంది, ఆ పిల్ల ఊపిరి బిగబట్టి మళ్లీ చదివించింది, మళ్లీ చదివించింది, తర్వాత బుల్లయ్య అని కొట్టి, నాన్నా ఇట్రా, నీ పేరు చెబుతుంది విను అని కేకేసింది, బుల్లయ్య చేతులు తువ్వాలుకి తుడుచుకుని వచ్చి, కంప్యూటరు ముందు పెద్దమనిషి ముందు నిలబడ్డట్టు నిలబడి విన్నాడు, తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నజ్మీన్ దారి పొడుగునా తనలో తను నవ్వుకుంది, పక్కావిడ ఏమనుకున్నదో ఏమో, ఆ రోజు అనుకుంది, ఇంట్లో ఎంత పనున్నా సరే, కాలేజీలో ఎన్ని తిప్పలున్నా సరే, ఈ ఒక్కటి వదలను.

ఎండ తగ్గిందేమిటి అని తల ఎత్తితే పడమర నల్లగా ఉంది, మార్చి ఆఖర్లో వానేమిటి, మదార్‌బీ నడుం మీద చేయి పెట్టుకుని ఆకాశంతో పోట్లాటకి నిలబడ్డట్టు చూస్తోంది, లెగండే, పోగు చెయ్యండి, తాలు సంగతి తర్వాత, తట్టలు, చీపుర్లు, అందరూ లేచారు, నజ్మీన్ లేచింది గానీ ఫోను జేబులో పెట్టలేదు, ఇంటికెళ్లేదాకా ఆగలేను, ఇప్పుడే చూస్తాను, ఏదో ఒకటి చేస్తాను, ఒక చేత్తో కాయలు తోస్తూ ఇంకో చేత్తో తన గొంతు తాలూకు పేజీ తెరిచింది, ఎవరైనా లోపం కనిపెట్టి సవరణ రాసి పంపితే అది ఆ పేజీలో వరుసలో నిలబడుతుంది, బాధ్యులు చూసి సరే అని నొక్కితేనే అందరి కంప్యూటర్లకీ వెళ్తుంది, నొక్కకపోతే అట్లాగే నిలబడి ఉంటుంది, వరుసలో నాలుగున్నాయి, అన్నిటికన్నా కింద ఉన్నది పాతది, మరియదాసు, తాడేపల్లి, రెండువందల ఇరవై రోజుల కిందటిది, నమస్తే మేడమ్, రాబోయే విడతలో శబ్దాన్ని స్పీకరుకి పంపే పద్ధతి మారుస్తున్నారు, నేను ముందుగా పరీక్షించి చూశాను, మన తెలుగు గొంతు ఆగిపోతుంది, పదకొండు వరుసలు మారిస్తే సరిపోతుంది, జతచేశాను, నేను రైల్వే సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యాను, ఖాళీగా ఉంటున్నాను, ఇంకేమైనా పనులుంటే చెప్పండి, చేస్తాను, దాని కింద నజ్మీన్ జవాబు, థాంక్సండీ, ఆదివారం చూస్తాను, దాని కింద అక్టోబరులో మళ్లీ ఆయనే, మేడమ్, బిజీగా ఉన్నట్టున్నారు, పదేపదే అడగడం బాగుండదు, వీలు చూసుకోండి, ఆ తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేదు, చివర్న తెల్లటి ఖాళీ, ఆ ఖాళీ మీద మిరప దుమ్ము పడితే చిటికెనవేలితో తుడిచి పదకొండు వరుసలూ చదివింది, బియ్యం కడిగినంత సేపు పట్టలేదు, ఇదే, శ్రీదివ్య కంప్యూటర్లో పోయింది ఇదే, కావలసింది ఈ పదకొండు వరుసలే, ఆగస్టులో వచ్చింది, పత్తి చేలు పూతకి రాకముందు, మిరపనారు నాటకముందు, గొంతు పడిపోవడానికి ఏడు నెలల ముందే మందు వచ్చి తన గుమ్మంలో కూర్చుని ఉంది, పనులెక్కువై చూడలేదు, అవును, అత్త కంటి ఆపరేషను, కాలేజీ పరీక్షలు, రిహానాకి విషజ్వరం, అవన్నీ నిజాలే, ఎవరిని అడిగినా చెబుతారు, మరి సెప్టెంబరులో ఆ ఆదివారం సంగతి, చుట్టాల పెళ్లికి అందరూ బాపట్ల వెళ్లారు, తలనొప్పని తను ఇంట్లో ఉండిపోయింది, ఇల్లంతా నిశ్శబ్దం, ల్యాప్‌టాప్ తెరిచింది, ఈ సవరణే తెరిచింది, మూడు వరుసలు చదివింది, మూడు వరుసలకే తెలిసిపోయింది, బాగా రాశాడు, తను రాసేదానికంటే శుభ్రంగా, తొమ్మిదేళ్లుగా తను పెంచిన దాన్ని ఆ పెద్దాయన వారంలో అర్థం చేసుకున్నాడు, అప్పుడు ల్యాప్‌టాప్ మూసేసింది, తొందరపడి ఒప్పుకుంటే ఆయన పనికి అన్యాయం చేసినట్టవుతుంది, తీరిగ్గా పూర్తిగా పరీక్షించాలి అని చెప్పుకుంది, ఎంత మర్యాదగా చెప్పుకుంది తనకి తనే, ఆ మధ్యాహ్నం ఇంక చేసిన పని కూడా ఏమీ లేదు, పడుకుని ఫోనులో ఎవరెవరివో వంటలు చూసింది.

మరియదాసు గారైనా ఊరుకోకపోతే బాగుండేది, అందరూ చదివే ఉమ్మడి మెయిళ్ల జాబితాలో ఒక్క మాట రాసి ఉంటే చాలు, ఈమె చూడట్లేదు, ఎవరైనా చూడండి అని, అక్కడ అది తప్పు కాదు, అందరూ రాస్తారు, చెక్ దేశంలో తోమాష్ అని ఒకాయన ఉన్నాడు, విడుదలలన్నీ చూసే మనిషి, ముక్కుసూటి, ఆయనైతే గంటలో ఎవరో ఒకరి చేత పని చేయించి ఉండేవాడు, మరియదాసు గారు రాయలేదు, ఎందుకు రాయలేదో నజ్మీన్‌కి చెప్పక్కర్లేదు, మన పక్క ఆడమనిషి, పాపం పేరు పెట్టి నలుగురిలో అడిగితే ఏం బాగుంటుంది, తను ఆయన స్థానంలో ఉన్నా రాసేది కాదు, ఆయనకి అడగడానికి మొహమాటం, శ్రీదివ్యకి ఉద్యోగం సంగతి చెప్పడానికి మొహమాటం, తనకి కాదనడానికి మొహమాటం, ముగ్గురు మర్యాదస్తులు కలిసి ఒక గొంతు నొక్కేశారు, తోమాష్‌కి మాత్రం ఏ మొహమాటమూ లేదు, జనవరిలో రాశాడు, తెలుగు గొంతుని ఎవరైనా చూస్తున్నారా, వారంలో జవాబు రాకపోతే బాధ్యులు లేరని రాసి కొత్తవాళ్ల కోసం అడుగుతాను, అది వచ్చిన రోజు నజ్మీన్ పరీక్ష హాల్లో కాపలా డ్యూటీలో ఉంది, ఫోను ముట్టుకోకూడదు, అయినా జేబులో వణకగానే చూసి, పక్కావిడకి అప్పజెప్పి, వరండాలోకి పరుగెత్తి రాసింది, నేనున్నాను, నేను చూస్తున్నాను, తర్వాత టైములు చూసుకుంది, ఆయన రాసింది రెండు పదకొండుకి, తను జవాబిచ్చింది రెండు పదిహేనుకి, నాలుగు నిమిషాలు, అప్పుడేదో గర్వంగా కూడా అనిపించింది.

నజ్మీనా, పట్టా, అత్త అరుపు, గాలి వచ్చేసింది, దుమ్మూ మిరప గింజలూ కలిసి మొహాన కొడుతున్నాయి, కుప్ప పోగయింది గానీ టార్పాలిన్ పట్టా ఇంకా సగమే కప్పారు, నాలుగు మూలలకి నలుగురు కావాలి, ఉన్నది అత్తా తనూ, ఇంకో ఇద్దరు కూలీ మనుషులూ, రెబ్కా చేతులు ఖాళీ చేసుకుని పక్కనే నిలబడి ఉంది, ఇటియ్యమ్మాయ్, నేను పట్టుకుంటా అంది, నజ్మీన్ వద్దంది, పట్టుకుంటాలే, నువ్వు రాళ్లు తెచ్చి పెట్టు, ఎడమ చేత్తో పట్టా మూల, కుడి చేతిలో ఫోను, పేజీ అడుగున సరే అనే గుర్తు కనిపిస్తోంది, అది నొక్కితే అయిపోతుంది, నొక్కింది, సిగ్నల్ లేదు, గుండ్రటి గుర్తు తిరుగుతోంది, తిరుగుతోంది, ఎక్కు, ఎక్కవే, మొదటి చినుకు తెర మీదే పడింది, చొక్కా అంచుతో తుడవబోయింది, అప్పుడే గాలి పట్టా కిందికి దూరి ఒక్క ఊపు ఊపింది, మూల చేతిలోంచి జారిపోయింది, పట్టా లేచి అటు మడతపడింది, వాన బాదేసింది, పరుగెత్తి రెబ్కా దాని మీద బోర్లా పడి లాక్కొచ్చి కప్పేసరికి కుప్ప ఒక పక్కంతా తడిసి ముద్దయింది, ఎండి గలగలలాడిన కాయ, పన్నెండు రోజులు తిరగేసి తిరగేసి ఎండబెట్టిన తేజ రకం కాయ, ఇక అది నల్లబడుతుంది, బూజు పడుతుంది, తాలు కిందికే పోతుంది.

వాన పావుగంటలో వెలిసింది, అందరూ ట్రాక్టరు ట్రక్కు కింద ముడుచుకుని కూర్చున్నారు, మదార్‌బీ అరుస్తుందనుకుంది, అరవలేదు, తడిసిన తల కొంగుతో తుడుచుకుంటూ అలసిపోయినట్టు అంది, పట్టుకోలేకపోతే పట్టుకోలేనని చెప్పొచ్చు కదే, రెబ్కా పక్కనే ఉంది, ఇమ్మని కూడా అడిగింది, అది పట్టుకునేది, పట్టుకుంటానని నుంచుని వదిలేస్తే ఎట్టా, అంతే అంది, తర్వాత అందరికీ తమలపాకులు పంచింది, నజ్మీన్‌కీ ఇచ్చింది, నజ్మీన్ ఆకు చేతిలో పట్టుకుని కూర్చుంది, పట్టుకుంటానని నుంచుని వదిలేస్తే ఎట్టా, రహమాన్ షాపు గుర్తొచ్చింది, పర్చూరు సెంటర్లో మోటార్లకి తీగ చుట్టే షాపు, పోయిన ఎండాకాలం క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే ఒక ముసలి రైతు కాలిపోయిన మోటారు భుజాన వేసుకుని వచ్చాడు, రహమాన్ తల కూడా ఎత్తకుండా చెప్పాడు, కుదరదు బాబాయ్, రేపూ కుదరదు, ఎల్లుండీ కుదరదు, రామాంజనేయులు షాపుకి తీసుకెళ్లు, ఆ ముసలాయన మొహం చూసి నజ్మీన్‌కి సిగ్గేసింది, చూద్దాంలే బాబాయ్ అనొచ్చు కదండీ, అంత కటువుగానా అంది, రహమాన్ తీగ చుడుతూనే అన్నాడు, చూద్దాం అంటే ఆయన మూడు రోజులు నా గుమ్మంలో కూర్చుంటాడు, ఈలోపు చేను ఎండుద్ది, అప్పుడది మొరటు మనిషి మాట అనుకుంది, మంచితనం తన దగ్గరే ఉందనుకుంది.

ఫోను చూసింది, గుండ్రటి గుర్తు లేదు, సరే పడింది, పదకొండు వరుసలూ వెళ్లిపోయాయి, రెండువందల ఇరవై రోజులు నిలబడినవి రెండు క్షణాల్లో వెళ్లిపోయాయి, రేపో ఎల్లుండో శ్రీదివ్య కంప్యూటరు తెలుగు మాట్లాడుతుంది, చదవడానికి పని మాత్రం ఉండదు, తర్వాత తోమాష్‌కి రాసింది, ఇంగ్లీషులో రెండు వాక్యాలు, నా వల్ల కావడం లేదు, బాధ్యుల వరుసలోంచి నా పేరు తీసేయండి, పంపింది, మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది, ఇన్నేళ్లు చేసినందుకు థాంక్స్, తీసేశాను, అంతే, ఆకాశం విరిగి పడుతుందనుకున్న చోట ఇంతే, ఆ వరుస తెరిచి చూసుకుంది, బాధ్యులు, పక్కన ఖాళీ, ఇప్పుడు తను కోడలు, భార్య, లెక్చరరు, తల్లి, తడిసిన చొక్కా, తర్వాత మరియదాసు గారికి తెలుగులో రాసింది, అయ్యా, మీ సవరణ ఇవాళ ఒప్పుకున్నాను, ఆలస్యానికి క్షమించండి, ఈ పని మీరు తీసుకుంటే బాగుంటుంది, నాకంటే బాగా చేస్తారు, ఆయన చర్చి నుంచి వచ్చి ఉంటాడు, వెంటనే చూశాడు, చాలాసేపు టైపు చేస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి, చాలా సంతోషం మేడమ్, మీరు ఇంత మాట అన్నారు, అదే చాలు, అప్పట్లో అయితే ఖాళీగా ఉండేవాణ్ణి, డిసెంబరు నుంచి మా ఆవిడకి డయాలసిస్, వారానికి మూడుసార్లు విజయవాడ తీసుకెళ్లి తీసుకురావాలి, చూద్దాం మేడమ్, వీలు చూసుకుని తప్పకుండా చూస్తాను.

చూద్దాం మేడమ్, ఆ మాటకి అర్థమేమిటో నజ్మీన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు, తొమ్మిదేళ్లుగా ఆ మాటనే తింటోంది, ఆ మాటనే అందరికీ పెడుతోంది, ఆగస్టులో ఒక మనిషి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని వచ్చి, పనుంటే చెప్పండి అన్నాడు, తను మూల పట్టుకుని, వద్దు, పట్టుకుంటాలే అంది, ఇప్పుడు ఆ చేతులు ఖాళీగా లేవు, గొంతు ఎవరిదీ కాదు, వచ్చే విడతలో ఇంకేదో పోతుంది, ఎవరూ చూడరు, సింగరాయకొండలో ఆ పిల్ల ఎవరికో రాస్తుంది, మీకు కుదిరినప్పుడు చూస్తారా అని, మదార్‌బీ తడిసిన కాయని ఒక పక్కకి లాగిస్తోంది, ఎండ మళ్లీ వచ్చింది, సిగ్గులేని ఎండ, ఏమీ ఎరగనట్టు, రెబ్కా వచ్చి పిలిచింది, రా అమ్మాయ్, మళ్లీ పరచాలంట, నజ్మీన్ వస్తున్నా అంది గానీ లేవలేదు, ఇంకా ఒకటి మిగిలింది, శ్రీదివ్యకి ఏం చెప్పాలి, పనులెక్కువైపోయాయమ్మా అంటే ఆ పిల్ల వెంటనే నమ్ముతుంది, అయ్యో అక్కా మీరు బాధపడకండి అంటుంది, పనులు లేకపోలేదు, ఉన్నాయి, కానీ ఆ నాలుగు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి, పరీక్ష హాల్లోంచి, ముట్టుకోకూడని ఫోనుతో, వరండాలోకి, అంత పరుగు శ్రీదివ్య కోసం ఎప్పుడైనా తీసిందా, మరియదాసు గారి పదకొండు వరుసల కోసం తీసిందా, లేదు, ఒక్కసారే తీసింది, తన పేరు పోతుందన్న రోజున, దానికి మాత్రం ఆదివారం దాకా ఆగలేదు, ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక పిల్ల ఉద్యోగం పోవలసి వచ్చింది, నజ్మీన్ చిటికెనవేలితో మైకు గుర్తు నొక్కి పట్టుకుంది, వదిలేసింది, మళ్లీ నొక్కింది, శ్రీదివ్యా, నేనమ్మా, నీ గొంతుకి కావలసింది ఆగస్టు నుంచి నా దగ్గరే ఉంది, ఎవరో పెద్దాయన చేసి పెట్టాడు, నాకు తెలుసు, చూశాను కూడా, నేనే ఇవ్వలేదు.